చిన్న ఊరి సినిమా హాలు

పిల్లలూ! మీరు సినిమాకు ఎక్కడికి వెళతారు? బహుశా ఊరి చివర, వందల కార్లు నిలిపే స్థలం మధ్య, ఒకే కప్పు కింద పదో పన్నెండో తెరలున్న పెద్ద హాలుకు వెళతారు. అక్కడ ఏ గదిలోకి వెళ్ళినా ఒకేలా ఉంటుంది. కెనడాలో ఏ నగరంలోని హాలుకు వెళ్ళినా ఇంచుమించు అలాగే ఉంటుంది.

కాని మీ తాతముత్తాతల కాలంలో సినిమా హాలు అంటే అది కాదు. ఊరి నడిబొడ్డున, కిరాణా కొట్టుకూ తపాలా కచేరీకీ పక్కన, ఒకే తెర ఉన్న హాలు ఒకటి ఉండేది. దానికి ఒక పేరు ఉండేది. ఆ పేరు దీపాలతో వెలిగేది. శనివారం రాత్రి ఊరంతా అక్కడే కనబడేది.

అటువంటి హాళ్ళు కెనడాలోని చిన్న ఊళ్ళలో చాలా ఉండేవి. వాటిలో ఎక్కువ భాగం ఇప్పుడు లేవు. కొన్ని కూల్చారు. కొన్ని దుకాణాలుగా మారాయి. కొన్ని తలుపులు మూసి, కిటికీలకు చెక్కలు కొట్టి అలాగే నిలిచి ఉన్నాయి. బహుకొద్ది హాళ్ళను మాత్రం ఊరివాళ్ళు పూనుకుని బాగు చేసుకున్నారు. ఆ కథ ఏమిటో, పాత హాలును బాగు చేయడం అంటే ఏమేమి చేయాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

తెర పుట్టిన రోజులు

కదిలే బొమ్మలను తెరమీద చూపే యంత్రాన్ని ఫ్రాన్సు దేశంలో లూమియేర్ సోదరులు తయారు చేశారు. 1895 డిసెంబరులో పారిస్ నగరంలో డబ్బు తీసుకుని జనానికి ఆ బొమ్మలు చూపించారు. మరుసటి సంవత్సరం వారి మనుషులు ఆ యంత్రాన్ని ఓడలలో పెట్టుకుని దేశదేశాలకు బయలుదేరారు. 1896 జూన్ నెల చివరలో మాంట్రియల్ ప్రజలు కదిలే బొమ్మలను చూశారు. అదే సంవత్సరం జూలై 7వ తేదీన బొంబాయిలో వాట్సన్ హోటలులో భారతదేశంలో మొదటి ప్రదర్శన జరిగింది. చూశారా! మనం పుట్టిన దేశానికీ, మన పెద్దలు పుట్టిన దేశానికీ సినిమా ఇంచుమించు ఒకే పక్షంలో వచ్చింది.

మొదట్లో సినిమాకు ప్రత్యేకమైన హాళ్ళు లేవు. సంతలలో, డేరాలలో, ఖాళీ దుకాణాలలో తెర కట్టి చూపేవారు. బొమ్మలకు మాటలు లేవు. అందుకే వాటిని మూకీ చిత్రాలు అనేవారు. తెర పక్కన ఒకరు కూర్చుని పియానో వాయించేవారు. గుర్రం పరుగెత్తితే పియానో కూడా పరుగెత్తేది. జనం పెరిగేకొద్దీ సినిమా కోసమే గట్టి కట్టడాలు లేచాయి. 1910 ప్రాంతంలో కెనడా పడమటి మైదానాలలోని చిన్న ఊళ్ళలో కూడా ఇటుక హాళ్ళు వెలిశాయి. వాటిలో ఒకదాని పేరు ఎంప్రెస్. అంటే మహారాణి అని అర్థం.

ఫోర్ట్ మక్లౌడ్ ఊరు

ఆల్బర్టా రాష్ట్రంలో, కాల్గరీ నగరానికి దక్షిణంగా కారులో రెండు గంటల లోపు దూరంలో ఫోర్ట్ మక్లౌడ్ అనే చిన్న ఊరు ఉంది. పక్కన ఓల్డ్‌మన్ నది పారుతుంది. పడమట రాతి కొండలు కనిపిస్తాయి. ఆ కొండలమీదినుంచి వీచే గాలికి ఈ ఊరు పేరు పొందింది. జనాభా మూడువేల పైచిలుకు మాత్రమే.

1874లో వాయవ్య అశ్విక పోలీసు దళం ఈ నది మధ్యనున్న లంకలో ఒక కోటను కట్టింది. ఆ దళాన్ని నడిపిన జేమ్స్ మక్లౌడ్ పేరే ఊరికి వచ్చింది. అంతకు వేల సంవత్సరాల ముందునుంచే ఆ నేల బ్లాక్‌ఫుట్ ప్రజలది. ఆ మాట మనం మరచిపోకూడదు.

తరువాత రైలు వచ్చింది. రైలుతోపాటు వ్యాపారం వచ్చింది. మొదట కట్టిన ఇళ్ళూ అంగళ్ళూ చెక్కవి. 1906లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి ఊరి మధ్యభాగం చాలావరకు కాలిపోయింది. దానితో జనం బుద్ధి తెచ్చుకుని ఇటుకతోనూ రాతితోనూ కట్టడం మొదలుపెట్టారు. అలా లేచిన ప్రధాన వీధిలోనే 1912లో ఎంప్రెస్ థియేటరు తెరుచుకుంది.

ఎంప్రెస్‌లో సినిమాలు మాత్రమే చూపలేదు. రైలులో ఊరూరూ తిరిగే నటులు, పాటగాళ్ళు, గారడీవాళ్ళు, హాస్యగాళ్ళు వచ్చి ఒకే రాత్రి వరసగా తమ విద్యలు చూపేవారు. ఇటువంటి ప్రదర్శనను వాడెవిల్ అంటారు. మన ఊళ్ళలో జాతర రోజున హరికథ, పగటివేషం, కీలుగుర్రం ఒకదాని తరువాత ఒకటి వచ్చినట్లే అనుకోండి. ఉపన్యాసాలు, సంగీత కచేరీలు కూడా అక్కడే జరిగేవి. ఆ రోజుల నటులు వేదిక కింద ఉన్న వేషధారణ గదుల గోడలమీద తమ పేర్లు గీకి వెళ్ళారు. ఆ గీతలు చెరిగిపోలేదు. గోడ పాడుచేసిన అల్లరి పని, కాలం గడిచాక చరిత్రకు సాక్ష్యమైంది!

బీదరికం కాపాడిన వీధి

ఇక్కడ ఒక వింత జరిగింది. ఎంప్రెస్ తెరుచుకున్న 1912లోనే రైలు కంపెనీ తన ముఖ్య కేంద్రాన్ని పొరుగున ఉన్న లెత్‌బ్రిడ్జ్ పట్టణానికి మార్చింది. దానితో రెండువందల ఉద్యోగాలు ఊరు విడిచిపోయాయి. వ్యాపారం పడిపోయింది. 1924 నాటికి ఊరి పురపాలక సంఘం అప్పులు తీర్చలేక దివాలా తీసింది. ఆ తరువాత యాభై ఏళ్ళపాటు ఊరు పెరగలేదు, మారలేదు.

మిగిలిన ఊళ్ళలో డబ్బున్నవారు పాత కట్టడాలు పడగొట్టి కొత్తవి కట్టారు. ఫోర్ట్ మక్లౌడ్‌లో పడగొట్టడానికి కూడా డబ్బు లేదు! అందువలన 1900 ప్రాంతంలో కట్టిన వీధి వీధంతా ఉన్నది ఉన్నట్లు నిలిచిపోయింది. అప్పుడు ఊరివారికి అది కష్టం. ఇప్పుడు చూస్తే అదే వారి ఆస్తి అయింది.

అయితే ఎంప్రెస్ కూడా ఏమీ మారకుండా ఉండిపోలేదు. 1937లో డేనియల్ బాయిల్ అనే ఆయన ఆ హాలును కొన్నాడు. అప్పటికి సినిమా మాట్లాడడం నేర్చుకుంది. ఆయన హాలుకు మెరుగులు దిద్దాడు. అచ్చులతో పూలు దించిన రేకు పైకప్పుకు నియాన్ దీపాలతో చేసిన ట్యూలిప్ పూలు అమర్చారు. నియాన్ ఒక వాయువు. దానిని గాజు గొట్టంలో నింపి విద్యుత్తు పంపితే ఎర్రగా వెలుగుతుంది. చీకటిపడ్డ హాలులో తల ఎత్తితే, పైన పూలతోట వెలిగినట్లు కనబడేదన్నమాట.

హాళ్ళు ఎందుకు మూతపడ్డాయి?

చిన్న ఊరి హాళ్ళకు మూడు దెబ్బలు తగిలాయి.

మొదటిది టెలివిజన్. 1952 సెప్టెంబరులో కెనడాలో టెలివిజన్ ప్రసారాలు మొదలయ్యాయి. ఇంట్లో కూర్చుని ఊరకే బొమ్మలు చూడవచ్చు కదా, మంచులో నడిచి హాలుకు పోవడం ఎందుకు అని జనం అనుకున్నారు.

రెండవది కారు. కార్లు పెరిగాక పక్కనున్న పెద్ద పట్టణానికి పోయి రావడం తేలిక అయింది. అక్కడ అనేక తెరలున్న హాళ్ళు వచ్చాయి. ఒక సినిమా నచ్చకపోతే ఇంకొకటి చూడవచ్చు. చిన్న ఊరి హాలులో ఆ వారం ఏది ఉంటే అదే చూడాలి.

మూడవ దెబ్బ ఇటీవల తగిలింది. వంద సంవత్సరాలకు పైగా సినిమా అంటే 35 మిల్లీమీటర్ల వెడల్పున్న ఫిలిం చుట్ట. సెకనుకు 24 బొమ్మల చొప్పున అది దీపం ముందునుంచి పరుగెత్తేది. ఒక్కొక్క చుట్ట సుమారు ఇరవై నిమిషాలు ఆడేది. చుట్టలను ఇనుప డబ్బాలలో పెట్టి రైలులోనో బస్సులోనో పంపేవారు. 2010 తరువాత నాలుగైదు సంవత్సరాలలో పెద్ద చిత్రనిర్మాణ సంస్థలు ఫిలిం చుట్టలు పంపడం దాదాపు మానివేసి, కంప్యూటరు రూపంలో సినిమాలు పంపడం మొదలుపెట్టాయి. దానికి కొత్త ప్రొజెక్టరు కావాలి. దాని ధర పదుల వేల డాలర్లు. వారానికి మూడు ఆటలు ఆడే హాలుకు అంత డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? అనేక హాళ్ళు అప్పుడు తలుపులు మూశాయి. కొన్ని ఊళ్ళలో మాత్రం జనం చందాలు వేసుకుని కొత్త యంత్రం కొన్నారు.

బాగు చేయడం అంటే ఏమిటి?

మూతబడిన హాలును చూసి, "రంగు వేస్తే సరిపోతుంది" అనుకుంటాం. అలా కాదు. దీనికి ఒక వరస ఉంది.

అన్నిటికన్నా ముందు కప్పు చూడాలి. పాత కట్టడానికి నీరు పెద్ద శత్రువు. కప్పులో చిన్న చిల్లు ఉన్నా చాలు. వాననీరు లోపలికి దిగుతుంది. చలికాలంలో అదే నీరు గడ్డకట్టి ఉబ్బి ఇటుకల మధ్య సున్నాన్ని పగులగొడుతుంది. మంచు కరిగితే మళ్ళీ నీరు దిగుతుంది. నాలుగు చలికాలాలు ఇలా గడిస్తే గోడ వంగిపోతుంది. అందుకే అనుభవం ఉన్నవారు కుర్చీలూ తెరా సంగతి తరువాత చూద్దాం, ముందు కప్పు వేయండి అంటారు.

రెండవది భద్రత. 1950ల ఆరంభం వరకు వాడిన ఫిలిం తేలికగా అంటుకునేది. అందుకే యంత్రం గదికి మందమైన గోడలు కట్టేవారు. 1927 జనవరి 9న మాంట్రియల్‌లో లోరియే పాలెస్ అనే సినిమా హాలులో నిప్పు పుట్టింది. పిల్లలు భయపడి ఒకే మెట్లదారి వైపు పరుగెత్తారు. ఆ తొక్కిసలాటలోనూ పొగలోనూ 78 మంది పిల్లలు చనిపోయారు. ఆ తరువాత క్విబెక్ రాష్ట్రంలో 16 సంవత్సరాల లోపు పిల్లలను సినిమా హాళ్ళలోకి రానివ్వకుండా చట్టం చేశారు. అది ముప్పై ఏళ్ళకు పైగా అమలులో ఉంది. ఈనాడు ఏ హాలులోనైనా చీకట్లో తలుపులమీద వెలిగే దీపాలు, బయటికి తెరుచుకునే తలుపులు చూస్తారు. అవి అలంకారం కాదు, ఇటువంటి దుఃఖాలు నేర్పిన పాఠం. పాత హాలును తెరవాలంటే విద్యుత్తు తీగలు, మెట్లు, తలుపులు అన్నీ నేటి నియమాలకు సరిపోవాలి. చక్రాల కుర్చీలో వచ్చేవారికి దారి ఉండాలి. ఖర్చులో పెద్ద భాగం ఇటువంటి కంటికి కనబడని పనులకే పోతుంది.

మూడవది పరిశోధన. పాత ఫోటోలు వెతకాలి. గోడమీద రంగును చిన్న కత్తితో పొరపొరగా గీకి, అట్టడుగున ఏ రంగు ఉందో చూడాలి. ఉల్లిపాయ పొరలు తీసినట్లే ఈ పని ఉంటుంది.

అప్పుడు ఒక చిక్కు ప్రశ్న వస్తుంది. హాలును ఏ కాలంనాటి రూపానికి తేవాలి? ఎంప్రెస్‌నే తీసుకోండి. 1912లో నియాన్ పూలు లేవు. మొదటి రూపమే అసలైనది అనుకుంటే ఆ పూలను తీసివేయాలి. కాని ఊరిలో పెద్దవాళ్ళకు ఎంప్రెస్ అంటేనే ఆ పూలు! ఎంప్రెస్‌ను బాగు చేసినప్పుడు పూలను ఉంచారు. కట్టడానికి ఒక్క పుట్టినరోజే కాదు, ఒక జీవితం కూడా ఉంటుంది. మనిషి ముఖంమీద ముడతలలాగా తరువాత వచ్చిన మార్పులు కూడా దాని కథలో భాగమే.

ఎవరు పూనుకున్నారు?

1970వ దశకం చివరలో ఆల్బర్టా ప్రభుత్వం ఫోర్ట్ మక్లౌడ్‌లోని పాత కట్టడాల పట్టిక తయారు చేయించింది. 1982లో వీధిని బాగుచేసే పథకం ఆరంభమైంది. అదే సంవత్సరం చారిత్రక ప్రాంత సంఘం ఎంప్రెస్‌ను కొన్నది. 1984లో రాష్ట్ర ప్రభుత్వం ఊరి నడివీధిని చారిత్రక ప్రాంతంగా ప్రకటించింది. ఆల్బర్టాలో అటువంటి గౌరవం పొందిన మొదటి వీధి అదే. హాలును బాగు చేశారు. సినిమాలతోపాటు నాటకాలూ కచేరీలూ మళ్ళీ ఆడాయి.

ఒంటారియో రాష్ట్రంలో పోర్ట్ హోప్ అనే ఊరు ఉంది. అక్కడి కాపిటల్ థియేటరు 1930 ఆగస్టులో తెరుచుకుంది. మాటలు వచ్చే సినిమాల కోసమే కెనడాలో కట్టిన తొలి హాళ్ళలో అది ఒకటి. లోపలి గోడలు పాతకాలపు కోట గోడలలాగా ఉంటాయి. పైన ఆకాశం ఉన్నట్లు భ్రమ కలుగుతుంది. ప్రేక్షకుడు రాత్రిపూట కోట ముంగిట్లో కూర్చున్నానని అనుకోవాలని అలా కట్టారు. 1987లో ఆ హాలు మూతపడింది. ఊరివారు సంస్థగా ఏర్పడి, చందాలు పోగుచేసి, 1990వ దశకంలో దానిని తిరిగి తెరిచారు. 2016లో కెనడా ప్రభుత్వం దానిని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించింది.

పెద్ద నగరమైన టొరంటోలోనూ ఒక చక్కని ఉదాహరణ ఉంది. అక్కడ 1914లో తెరిచిన వింటర్ గార్డెన్ అనే థియేటరు, ఎల్గిన్ అనే మరో థియేటరు నెత్తిమీద మేడలాగా ఉంటుంది. దాని కప్పునుంచి నిజమైన బీచ్ చెట్ల ఆకులు వేలాడుతాయి. 1928లో దానిని మూసివేశారు. అరవై సంవత్సరాలు ఎవరూ దానిలో ఆట చూడలేదు. 1980లలో బాగు చేయబోతే గోడలమీది బొమ్మలు నీటిరంగులతో వేసినవని తేలింది. తడిగుడ్డతో తుడిస్తే బొమ్మ కూడా పోతుంది! అప్పుడు పనివారు పచ్చి రొట్టెపిండి ముద్దలు తీసుకుని గోడమీద అద్ది మసిని ఊడదీశారు. వందల పౌన్ల పిండి ఖర్చయింది. 1989లో థియేటరు మళ్ళీ తెరుచుకుంది. పెద్ద పెద్ద యంత్రాలు చేయలేని పనిని వంటింటి పిండిముద్ద చేసిందన్నమాట.

కావాలా? వద్దా?

ఇంత ఖర్చు పెట్టి పాత హాలును నిలబెట్టడం అవసరమా? ఇది తేలిగ్గా కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు. చిన్న ఊరికి డబ్బు తక్కువ. అదే డబ్బుతో మంచినీటి గొట్టాలు వేయవచ్చు, ఆటస్థలం కట్టవచ్చు, ఆసుపత్రికి సాయం చేయవచ్చు. ఒకసారి బాగు చేస్తే సరిపోదు. ప్రతి ఏడూ వేడిమికీ వెలుతురుకూ మరమ్మతుకూ డబ్బు కావాలి. జనం రాకపోతే బాగు చేసిన హాలు కూడా మళ్ళీ మూతపడుతుంది.

మరొక పక్కనుంచి చూడండి. ఊరి నడివీధిలో ఒక పెద్ద కట్టడం చీకటిగా ఉంటే పక్క దుకాణాలు కూడా వెలవెలబోతాయి. అదే హాలు వెలిగితే, ఆటకు వచ్చినవారు పక్కన భోజనం చేస్తారు, ఏదో ఒకటి కొంటారు. చలికాలపు రాత్రి ముసలివారికీ పిల్లలకూ కలుసుకునే చోటు దొరుకుతుంది. పడగొట్టినదానిని మళ్ళీ తేలేం. ఆగి ఆలోచించడానికి మాత్రం ఎప్పుడూ వీలుంటుంది.

కాబట్టి తెలివైన ఊళ్ళు ముందుగా మూడు ప్రశ్నలు వేసుకుంటాయి. ఈ హాలులో సినిమా తప్ప ఇంకేమి చేయగలం? వారానికి ఎన్ని రాత్రులు దీపం వెలిగించగలం? పదేళ్ళ తరువాత దీనిని ఎవరు చూసుకుంటారు? వీటికి జవాబు ఉన్నచోట హాళ్ళు నిలిచాయి. ముచ్చటపడి మొదలుపెట్టి, జవాబు వెతకనిచోట పని నడుమన ఆగిపోతుంది.

మన తెలుగునాట

తెలుగువారి సినిమా హాళ్ళకు కూడా ఇటువంటి చరిత్రే ఉంది. మచిలీపట్నంలో పుట్టిన రఘుపతి వెంకయ్య మొదట ఫోటోలు తీసే వృత్తిలో ఉండేవారు. ఆయన బొమ్మల యంత్రాన్ని కొని బర్మా, సింహళం దాకా తీసుకుపోయి ఆటలు ఆడించారు. తరువాత మద్రాసులో గెయిటీ అనే హాలు కట్టించారు. 1921లో విజయవాడలో పోతిన శ్రీనివాసరావు మారుతీ సినిమా హాలును నెలకొల్పారు. పల్లెలకు డేరా సినిమాలు వచ్చేవి. వాటిని టూరింగ్ టాకీసు అనేవారు. నేల టిక్కెట్టు కొన్నవారు ఇసుక పోగుచేసుకుని ఎత్తుగా కూర్చునేవారు. ఒకే యంత్రం ఉండడంవలన చుట్ట మార్చినప్పుడల్లా ఆట ఆగేది. ఆ విరామంలో వేరుశనగకాయలు, సోడాలు అమ్మేవారు. ఆ హాళ్ళలో చాలావాటి చోట ఇప్పుడు కల్యాణమంటపాలూ అంగళ్ళూ లేచాయి.

పిల్లలూ! మీరు ఉండే ఊరిలో లేదా దగ్గరి చిన్న పట్టణంలో పాత సినిమా హాలు ఒకటి ఉండే ఉంటుంది. ఈసారి నడివీధిలో నడిచేటప్పుడు దుకాణాల బోర్డులపైకి తల ఎత్తి చూడండి. ఎత్తైన కిటికీలు లేని గోడ, ముందుకు పొడుచుకు వచ్చిన పందిరి, చెరిగిపోయిన ఒక పేరు కనబడవచ్చు. అది ఎప్పటిదో గ్రంథాలయంలో అడగండి. ఊరి పెద్దలను అడగండి. వారికి గుర్తున్న సంగతులు రాసి పెట్టండి. హాలు నిలుస్తుందో లేదో పెద్దలు తేలుస్తారు. దాని కథ నిలవాలంటే మాత్రం మీ పలక, బలపం చాలు.

అభ్యాసం

1. ఫోర్ట్ మక్లౌడ్ వీధిలోని పాత కట్టడాలు కూలిపోకుండా ఎందుకు నిలిచాయి?

2. చిన్న ఊరి హాళ్ళకు తగిలిన మూడు దెబ్బలు ఏవి? వాటిలో ఏది పెద్దదని మీరు అనుకుంటున్నారు? ఎందుకు?

3. పాత హాలును బాగు చేసేటప్పుడు అన్నిటికన్నా ముందు కప్పు చూడాలని ఎందుకు అంటారు?

4. నియాన్ పూలను ఉంచడం మంచిదా, తీసివేయడం మంచిదా? తరగతిలో రెండు జట్లుగా చేరి తెలుగులో వాదించండి.

5. మీ అమ్మమ్మనో, తాతయ్యనో, తెలిసిన మరొక పెద్దవారినో వారు మొదట సినిమా చూసిన హాలు గురించి అడగండి. హాలు పేరు, టిక్కెట్టు ధర, ఎలా వెళ్ళారు, ఎక్కడ కూర్చున్నారు, ఇప్పుడు ఆ చోట ఏమి ఉంది అనే సంగతులతో పది వాక్యాలు రాయండి.